కృష్ణలో గాలం వేసేవాళ్లకి లోతు పటం: ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

మా గాలం బృందంలో కొత్తగా చేరిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఫోన్లో కనిపించే లోతు పటాలు, అదే ఎలక్ట్రానిక్ చార్టులు, లేక్ మ్యాపులు అంటారే, అవి మన నదికి పనికొస్తాయా, ఏడాది చందా కట్టొచ్చా అని. వాడి చూశాను కాబట్టి సూటిగానే చెప్తాను. ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఉన్న నీళ్ల కోసం రెడీమేడ్ పటం కొనొద్దు. ఆ డబ్బుకి ఇంకాస్త కలిపి, మనంతట మనమే పటం గీసుకునే చిన్న సోనార్, అంటే శబ్దంతో లోతు కొలిచే యంత్రం, కొనుక్కోండి. నిజాంపట్నం వైపు సముద్రంలోకి వెళ్లేవాళ్ల లెక్క వేరు, వాళ్లకి కొన్న చార్టు బాగా పనికొస్తుంది, దాని గురించి కింద రాశాను.

లోతు పటం అంటే ఏమిటో కృష్ణా, ఏలూరు జిల్లాలవాళ్లకి పెద్దగా వివరించక్కర్లేదు. కొల్లేరు గొడవలో 5వ కాంటూరు అనే మాట వినని మనిషి ఇక్కడ లేడు. 1999లో సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తున్న ఆ గీత వరకు, దాదాపు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అని ప్రకటించారు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలుపుతూ గీసిన గీతే కాంటూరు. అదే పని నీళ్ల కింద చేసి, ఇక్కడ 6 అడుగులు, ఇక్కడ 10 అడుగులు, ఇక్కడ 15 అని గీతలు గీస్తే లోతు పటం అవుతుంది. గీతలు దూరం దూరంగా ఉంటే అడుగు మెల్లగా వాలుతోందని, ఒకదాని పక్కన ఒకటి ఇరుకుగా ఉంటే అక్కడ ఒక్కసారిగా దిగిపోతోందని అర్థం. గాలం వేసేవాళ్లకి కావాల్సింది ఆ ఇరుకు గీతలే. తిప్ప అంచు మడుగులోకి దిగే చోటు, పాత పాయ నోరు, కొట్టుకొచ్చిన మేట ఆగిన చోటు, ఇవన్నీ పైనుంచి చూస్తే ఒకటే నీలం రంగు నీళ్లు.

ముందు చందా యాప్ సంగతి. పేరు చెప్పను, పెద్ద కంపెనీదే. డబ్బు కట్టి, భవానీ ద్వీపం చుట్టూ ఎంత దగ్గరికి లాగి చూసినా ఒడ్డు గీత, మధ్యలో నీలం రంగు, అంతే. ఒక్క లోతు అంకె లేదు. పున్నమి ఘాట్ నుంచి ఇబ్రహీంపట్నం ఫెర్రీ రేవు దాకా అదే పరిస్థితి. ఎందుకలా అని కాస్త లోతుగా చదివితే విషయం తెలిసింది. ఈ కంపెనీలు సరస్సుల పటాలు తయారుచేసేది రెండు దారుల్లో. ఒకటి, ప్రభుత్వాలు చేసిన సర్వేలు, లేదా సొంత సర్వే పడవలు. రెండోది వాడకందార్ల పడవల్లోంచి వచ్చే సోనార్ రికార్డులు. ఇటలీలో 1984లో మొదలైన నావియానిక్స్, 2017లో గార్మిన్ కొనుక్కున్న కంపెనీ అది, సోనార్ చార్ట్ అనే పేరుతో చూపించే సన్నటి గీతల్లో చాలా భాగం జనం పంపిన రికార్డుల నుంచే తయారవుతాయి. సీ మ్యాప్ వాళ్ల జెనెసిస్ కూడా అదే పద్ధతి. హమ్మిన్‌బర్డ్ వాళ్ల లేక్‌మాస్టర్ అమెరికా సరస్సుల మీద ఏళ్ల తరబడి చేసిన సర్వేల ఫలితం. అక్కడ ఒక మామూలు సరస్సు మీద కూడా వారాంతం వస్తే వందల పడవలు, వాటిలో సోనార్ లేని పడవ తక్కువ, అందుకే అక్కడివాళ్లకి అడుగు అడుగుకీ గీత దొరుకుతుంది. మన కృష్ణలో ఆ రికార్డు పంపినవాళ్లు ఎంతమంది? పంపనిదే పటం ఎక్కడినుంచి వస్తుంది? కాబట్టి యాప్ చెడ్డదని కాదు, మన నీళ్లు అందులో లేవు. కొనే ముందు ఒక పని చేయండి. నావియానిక్స్ వాళ్లు చార్ట్ వ్యూయర్ అని వెబ్‌లో ఉచితంగా పెట్టారు, అందులో మీరు వెళ్లే చోటు వెతికి చూడండి. లోతు అంకెలు కనిపిస్తే కొనండి, లేకపోతే వదిలేయండి. వచ్చిన దారి గుర్తుపెట్టుకోవడం, వేగం చూడటం, ఒక చోటికి గుర్తు పెట్టుకోవడం, వీటికి చందా అక్కర్లేదు, ఉచిత జీపీఎస్ యాప్ ఏదైనా చేసిపెడుతుంది.

మరి ప్రభుత్వం దగ్గర ఏమీ లేదా అని మా బావ అడిగాడు. ఉంది, కానీ అది వేరే పనికి. ముక్త్యాల నుంచి విజయవాడ దాకా 82 కిలోమీటర్ల కృష్ణ జాతీయ జలమార్గం 4లో భాగం, 2017 అక్టోబర్‌లో పనులకి శంకుస్థాపన కూడా జరిగింది. జలమార్గాల సంస్థ చూసే లోతు పడవలు, బార్జీలు పోయే దారి వెంబడి ఎక్కడ తక్కువ నీళ్లున్నాయనేది. సరుకు పడవ నడిపేవాడికి అది ప్రాణం. మనకి కావాల్సింది ఆ దారికి అటూ ఇటూ ఉన్న అంచులు, అవి అందులో దొరకవు.

ఇక అసలు విషయం. నేను వాడుతున్నది గార్మిన్ స్ట్రైకర్ ప్లస్ 4. తెర 4.3 అంగుళాలు, జీపీఎస్ లోపలే ఉంటుంది. దీనిలో బయట కొన్న చార్టులు వేసుకోవడానికి వీలు లేదు, ఆన్ చేయగానే పటం స్థానంలో ఖాళీ తెర కనిపిస్తుంది. ఆ ఖాళీ తెరే దీని గొప్పదనం అంటాను. క్విక్‌డ్రా కాంటూర్స్ అని ఒక సదుపాయం ఉంది, దాన్ని మొదలుపెట్టి పడవ నడుపుతూ పోతే, మనం వెళ్లిన దారి వెంబడి అడుగుకొక గీత చొప్పున పటం కళ్లముందే పుడుతుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, చందా లేదు, 20 లక్షల ఎకరాల నీళ్లు గీసేంత చోటు ఉందని కంపెనీ చెప్తుంది, మన జీవితానికి అది చాలు. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి: స్ట్రైకర్ 4 అని పాత మోడల్ ఒకటుంది, చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది, దానిలో జీపీఎస్ ఉంది కానీ ఈ పటం గీసే పని లేదు. పేరులో ప్లస్ ఉందో లేదో చూడకుండా డబ్బు ఇవ్వొద్దు.

బిగించడం గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. డబ్బాతో వచ్చే క్లాంపులన్నీ వెనక భాగం పలకలా ఉండే ఫైబర్ పడవల కోసం చేసినవి. మన నాటు పడవకి అవి కుదరవు. మేం చేసింది, ఒక పీవీసీ గొట్టానికి కింద సెన్సర్ బిగించి, ఆ గొట్టాన్ని పడవ పక్క చెక్కకి జి క్లాంపుతో పట్టించాం. సెన్సర్ నీటి మట్టం కింద పూర్తిగా మునిగి ఉండాలి, ముఖం తిన్నగా కిందికి చూడాలి, ఇంజను ఫ్యాను నుంచి వీలైనంత దూరంగా ఉండాలి, ఎందుకంటే బుడగలు సెన్సర్ కిందికి వస్తే తెర నిండా చుక్కలు తప్ప ఏమీ మిగలదు. కరెంటుకి యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల చిన్న బ్యాటరీ చాలు, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా హాయిగా వస్తుంది. మధ్యలో ఫ్యూజు పెట్టడం మాత్రం మానొద్దు. గుర్రపు డెక్క ఉన్న చోట గొట్టం పైకి ఎత్తేయండి, దాని వేర్లు సెన్సర్‌కి చుట్టుకుంటే లోతు 2 అడుగులు అని చూపిస్తూనే ఉంటుంది, కింద 12 ఉన్నా సరే.

ఇది ఎలా కొలుస్తుందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. సెన్సర్ కిందికి శబ్దం పంపుతుంది, అది అడుగుకి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు లెక్కడుతుంది. నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది, కాబట్టి 3 మీటర్ల లోతుకి వెళ్లి రావడానికి 4 మిల్లీసెకన్లు. ఆ శబ్దం సూదిలా కిందికి పోదు, టార్చిలైటు వెలుగులా విచ్చుకుంటుంది. 20 డిగ్రీలు విచ్చుకుందనుకుంటే 20 అడుగుల లోతులో దాదాపు 7 అడుగుల వెడల్పు వలయం అంతా ఒకేసారి తగులుతుంది, అందులో అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నదాని నుంచి శబ్దం ముందు తిరిగొస్తుంది, తెర మీద అంకె దానిదే. అంటే 3 అడుగుల వెడల్పు గుంట ఒకటి లోతుగా ఉన్నా పటంలో కనపడకపోవచ్చు, ఏటవాలు అంచు అసలున్న చోటుకన్నా కాస్త పక్కకి జరిగినట్టు కనిపించొచ్చు. పౌనఃపున్యం 77 కిలోహెర్ట్జ్ పెట్టుకుంటే వలయం ఇంకా వెడల్పు, 200 పెట్టుకుంటే సన్నం. పటం గీసేటప్పుడు 200 మీదే ఉంచండి, 77 బాగా లోతు నీళ్లకి, మన నదిలో దాని అవసరం రాదు.

ఇంకో సంగతి, పడవ ఎలా నడపాలి. ఇష్టం వచ్చినట్టు తిరిగితే పటం ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఒడ్డు నుంచి ఒడ్డుకి, ప్రవాహానికి అడ్డంగా, పక్కపక్కనే గీతలు గీసినట్టు వెళ్లి రావాలి, నెమ్మదిగా, ఆ తర్వాత ఒక్కసారి నిలువుగా, ప్రవాహం వెంబడి ఒక దారి తీయాలి. ఆ నిలువు దారి అడ్డదారుల్ని దాటే ప్రతిచోటా లోతు రెండుసార్లు కొలిచినట్టవుతుంది, రెండు అంకెలూ కలిశాయా సరే, కలవలేదా, ఎక్కడో సెన్సర్ వంగింది లేదా అలలు ఎక్కువున్నాయి, ఆ భాగం చెరిపేసి మళ్లీ గీయాలి. పెద్ద సర్వే పడవలు చేసేది కూడా ఇదే పద్ధతి.

లోతు నిజమో కాదో చూడ్డానికి పాత పద్ధతి ఉండనే ఉంది. తాడు చివర సీసం గుండు కట్టి, బారకొక ముడి వేసి వదిలాం. సీతానగరం వైపు ఇసుక అడుగున్న చోట తాడు, యంత్రం ఒకే మాట చెప్పాయి. బ్యారేజీకి దగ్గరవుతున్నకొద్దీ మాత్రం తాడు ఎక్కువ లోతు చూపిస్తోంది. పడవ నడిపే బాబాయ్ వెంటనే అన్నాడు, "బురద బాబూ, గుండు అందులో దిగబడతా ఉంది" అని. తెర మీద చూస్తే అది కూడా తెలుస్తుంది. ఇసుక, రాయి ఉన్న చోట అడుగు గీత సన్నగా, మెరుస్తూ, కింద ఇంకో మసక గీతతో కనిపిస్తుంది, ఆ రెండోది శబ్దం పైకి వచ్చి మళ్లీ కిందికి పోయి తిరిగొచ్చిన ప్రతిధ్వని. బురద ఉన్న చోట అడుగు మందంగా, రంగు పలచగా ఉంటుంది, రెండో గీత ఉండదు. ఎర్రమోసు కోసం ఎర వేసేవాళ్లకి ఈ తేడా లోతు కన్నా ముఖ్యం అని నా అభిప్రాయం.

ఇప్పుడు రెడీమేడ్ పటాల మీద నా అసలు అభ్యంతరానికి వస్తాను, ఎందుకంటే రేపు ఏ కంపెనీ అయినా కృష్ణకి లోతు గీతలు అమ్మినా ఇదే మాట అంటాను. లోతు అనేది ఒక్క అంకె కాదు. అడుగు ఎంత కిందుంది అనేది ఒకటి, నీటిమట్టం ఎంత పైనుంది అనేది ఇంకొకటి. బ్యారేజీ నిండు మట్టం సముద్రమట్టం నుంచి 57.05 అడుగులు, అప్పుడు నిల్వ 3.07 టీఎంసీలు, పేపర్లో దాన్నే గేట్ల అడుగు నుంచి లెక్కేసి 12 అడుగులు అని రాస్తారు. కాలువలకి నీళ్లు ఇచ్చే రోజుల్లో ఆ 12 దగ్గర నిలబెడతారు, వేసవిలో తగ్గుతుంది. ఏ మట్టం ఉన్నప్పుడు గీశారో చెప్పని పటం అంకెలు ఏమీ చెప్పనట్టే. అమెరికా రిజర్వాయర్ల పటాలు చాలావరకు నిండు మట్టం మీద లెక్కేసి ఉంటాయి, వాళ్లు ఆ రోజు మట్టం చూసుకుని తీసివేత చేసుకుంటారు. మేం కూడా అదే చేశాం, 12 అడుగుల్ని మా ప్రమాణంగా పెట్టుకున్నాం. క్విక్‌డ్రా సెట్టింగుల్లో రికార్డింగ్ ఆఫ్‌సెట్ అని ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. పోయినసారి ఒక చోట 10 అడుగులు వచ్చింది, ఇవాళ నీళ్లు తగ్గి అక్కడే 8 వచ్చింది అనుకోండి, ఆఫ్‌సెట్ 2 పెడితే ఇవాళ గీసే గీతలు కూడా పాత మట్టానికే సరిపోతాయి. ఇది చేయకుండా వేర్వేరు రోజుల్లో గీస్తే ఒకే చోట రెండు అబద్ధాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పటం చూసేటప్పుడు ఆ రోజు మట్టానికి తగ్గట్టు అంకెలు మారాలంటే యూజర్ డిస్‌ప్లే ఆఫ్‌సెట్ అని పక్కనే ఇంకోటి ఉంది.

అడుగు కూడా కదలకుండా ఉండదు కదా. 2024 సెప్టెంబర్ మొదట్లో బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కులు పోయింది, 2009 అక్టోబర్ వరదని మించిపోయింది, కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్ వెయిట్లని గుద్దాయి, అందరికీ గుర్తుండే ఉంటుంది. అంత నీళ్లు పోయాక నది అడుగు పాత పటంలా ఎందుకుంటుంది? మేం వరద తగ్గాక మళ్లీ తిరిగితే, ద్వీపానికి ఎగువన ఉన్న ఒక మడుగులో సగం పూడిపోయింది, కొత్తగా ఒక అంచు ఇంకోచోట లేచింది. ఇసుక తీసే పడవలు తవ్విన చోట గుంటలు వేరే. పాత గీతలు ఆ మేరకి తీసేసి కొత్తవి గీసుకున్నాం. పటం సొంతంగా గీసుకునే యంత్రం చేతిలో ఉంటే ఇది ఒక పొద్దుటి పని. కొన్న పటమైతే కంపెనీ ఎప్పుడు సర్వే చేస్తుందా అని కూర్చోవాల్సిందే.

పటం వల్ల చేపలు పడ్డాయా అని అడుగుతారు కాబట్టి అదీ చెప్తాను. వాలుగ విషయంలో తేడా బాగా తెలిసింది. అది మడుగు అడుగున, అంచు నీడలో ఉండే చేప, ఇరుకు గీతలున్న చోట లోతు వైపు ఎర దింపితే ఫలితం ఉంది. ఎర్రమోసు అడుగున మేస్తుంది, మెత్తటి అడుగు ఎక్కడుందో తెలిసింది కాబట్టి అదీ బాగుంది. రాగండి మధ్య నీళ్లలో, బొచ్చె పైపైన మేస్తాయి, వాటికి అడుగు పటంతో పెద్ద పని లేదు, గాలి ఎటుంది, నీళ్ల రంగు ఎలా ఉంది అనేదే ముఖ్యం. కొర్రమీను కోసమైతే ఈ యంత్రం ఇంట్లో పెట్టి రండి. రెండడుగుల నీళ్లలో, డెక్క మధ్యలో ఉండే చేపకి సోనార్ ఎందుకు, కళ్లు చాలు. ఇంకో మాట, తెర మీద చేప బొమ్మలు చూపించే సెట్టింగు ఆపేయండి. మునిగిన కొమ్మని, బుడగల గుంపుని కూడా అది చేప అంటుంది. బొమ్మలు తీసేస్తే నిజమైన చేప విల్లులా వంగిన గీతగా కనిపిస్తుంది, అది శబ్దం వలయంలోకి ఒక అంచున వచ్చి, మధ్యకి దగ్గరై, మళ్లీ దూరమైనందువల్ల వచ్చే ఆకారం. పడవ, చేప రెండూ ఆగి ఉంటే విల్లు రాదు, అడ్డంగా సాగిన గీత వస్తుంది. నాలుగు ఉదయాలు చూస్తే ఎవరికైనా అలవాటవుతుంది.

పడవ లేనివాళ్లు ఏం చేయాలి? ఘాట్ మీద నుంచి వేసేవాళ్లకి విసిరే సోనార్ ఉంది. లిథువేనియా కంపెనీ డీపర్ వాళ్ల ప్రో ప్లస్ మా స్నేహితుడి దగ్గర ఉంది. చిన్న బంతి, గాలం దారానికి కట్టి విసిరి లాక్కుంటూ ఉంటే ఫోన్‌కి వైఫైలో లోతు పంపిస్తుంది, 100 మీటర్ల దూరం దాకా అందుతుందని కంపెనీ లెక్క, లోపల జీపీఎస్ ఉంది కాబట్టి ఒడ్డు మీద నుంచే పటం గీయొచ్చు. విసిరే ప్రతి గీతా ఒక దారి అనుకుంటే అర్థమవుతుంది. బరువు 100 గ్రాములు, కాబట్టి సన్న కర్రతో విసరొద్దు, దారం తెగితే అంత ఖరీదైన బంతి నదిలో పోతుంది. చెరువుల మీద, కాలువల మీద అద్భుతంగా ఉంది. నదిలో ప్రవాహం దాన్ని పక్కకి లాగేస్తుంది, గీతలు వంకరగా వస్తాయి. నా ఓటు పడవ ఉన్నవాళ్లకి స్ట్రైకర్, గట్టు మీదవాళ్లకి డీపర్, రెండూ కొనాల్సిన పని లేదు. ఫోన్ మీదే ఆధారపడేవాళ్లు మన ఎండని మర్చిపోవద్దు, ఏప్రిల్ మధ్యాహ్నం ఘాట్ మీద ఫోన్ వేడెక్కి తెర మసకబారిపోతుంది, తర్వాత దానంతటదే ఆగిపోతుంది. తెల్లవారుజామున పని ముగించుకోండి.

సముద్రం వైపు. గుంటూరు మిత్రులు సూర్యలంక, నిజాంపట్నం నుంచి వెళ్తుంటారు, వాళ్లకి మాత్రం చందా చార్టు తీసుకోమనే చెప్తాను. కారణం, ఆ చార్టు వెనక నిజమైన సర్వే ఉంది. మన దేశపు సముద్ర పటాలు తయారుచేసేది డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్, 1874లో కలకత్తాలో మెరైన్ సర్వే డిపార్ట్‌మెంట్‌గా మొదలైన సంస్థ. సముద్రపు చార్టులో లోతు అంకెలు పోటుకి కాదు, బాగా ఆటు ఉన్న మట్టానికి వేస్తారు, అంటే మామూలుగా చార్టు చెప్పినదానికన్నా ఎక్కువ నీళ్లే ఉంటాయి, అది పడవవాడి మేలు కోసమే. అధికారిక ఎలక్ట్రానిక్ చార్టుల్లో ప్రతి ప్రాంతానికీ సర్వే ఎంత నమ్మదగినదో చెప్పే గుర్తు కూడా ఉంటుంది, ఏ1 నుంచి డి దాకా, అసలు అంచనా వేయనిదైతే యు. ఏ1 అంటే స్థానంలో తేడా 5 మీటర్లు, దానిపై లోతులో 5 శాతం, అంతకి మించదు. ఆ గుర్తు చూడకుండా లోతు అంకెని నమ్మడం సర్వే నంబర్ చూడకుండా పొలం కొనడమే. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర ఇసుక మేటలు ఏటికేడు జరుగుతాయి, అక్కడ ఏ చార్టుకన్నా ఆ ఊరి పడవవాళ్ల మాటే వినండి.

జూమ్ విషయం ప్రాణాలకి సంబంధించింది. ఎలక్ట్రానిక్ చార్టు దూరం నుంచి చూస్తే తెర నిండిపోకుండా చిన్న వివరాలు తీసేస్తుంది. 2014 నవంబర్ 29న వోల్వో ఓషన్ రేస్‌లో వెస్టాస్ విండ్ అనే పందెం పడవ మారిషస్‌కి ఈశాన్యంగా ఉన్న కార్గాడోస్ కారాజోస్ దిబ్బల మీదికి రాత్రిపూట ఎక్కేసింది. ఆ పడవలో ప్రపంచంలోకెల్లా మంచి నావికులున్నారు, మంచి చార్టులున్నాయి. దగ్గరికి లాగి చూస్తే తప్ప ఆ దిబ్బలు సరిగ్గా కనపడకపోవడం అక్కడ పెద్ద కారణాల్లో ఒకటి. అదృష్టం కొద్దీ అందరూ బతికారు. కాబట్టి వెళ్లబోయే దారి మొత్తాన్ని ఇంట్లోనే, బాగా దగ్గరికి లాగి, మొదటినుంచి చివరిదాకా వేలితో జరుపుతూ చూసుకోండి. అలాగని మరీ ఎక్కువ లాగినా కొత్త వివరం పుట్టదు, ఉన్న గీతే లావవుతుంది.

చేపలు ఎక్కడున్నాయో కావాలంటే హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉచితంగా ఇచ్చే సూచనలున్నాయి. ఉపగ్రహం నుంచి సముద్రపు పైనీటి వేడి, నీళ్లలోని పచ్చదనం చూసి, ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో చేప ఉండే అవకాశం ఉందో తెలుగులోనే చెప్తారు. చందా చార్టు మీద ఆ అక్షాంశ రేఖాంశాలు గుర్తు పెట్టుకుంటే రెండూ కలిసి డీజిల్ మిగులుస్తాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులూ చందా మొదలుపెట్టకండి, నిషేధం ఎత్తేశాక కట్టుకుంటే మొదటి రోజు నుంచే పనికొస్తుంది.

ఖర్చు సంగతి. స్ట్రైకర్ ధర సీజన్ని బట్టి మారుతోంది, మధ్యరకం స్మార్ట్‌ఫోన్ కొనే డబ్బు పక్కన పెట్టుకోండి, బ్యాటరీ, గొట్టం, క్లాంపు అదనం. ఆన్‌లైన్లో తీసుకుంటే సెన్సర్ పెట్టెలో ఉందా, తెర ఒక్కటే పంపుతున్నారా అని ముందే రాతపూర్వకంగా అడగండి, సెన్సర్ లేకుండా తక్కువ ధర పెట్టే అమ్మకందార్లున్నారు. బిల్లు మన దేశపు వారంటీతో ఉండాలి, బయటినుంచి తెచ్చి అమ్మేవాళ్ల దగ్గర చెడిపోతే బాగుచేయించుకోవడం టెన్షన్.

యంత్రం కొన్న డబ్బులో కొంత లైఫ్ జాకెట్లకి కూడా కేటాయించండి, పడవలో ఎంతమంది ఉంటే అన్ని. 2017 నవంబర్‌లో ఫెర్రీ దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు, లోతు తెలియకపోవడం అక్కడ సమస్య కాదు. వరద రోజుల్లో, అంటే 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చాక మాత్రమే కాదు, గేట్లు ఎత్తారని తెలిసిన రోజు నుంచే, పటం ఎంత బాగున్నా పడవ కట్టేయాలి. బ్యారేజీ దగ్గరికి మామూలు రోజుల్లో కూడా పోవద్దు.

చివరిగా ఒక మాట అడుగుతున్నాను. వైఫై ఉన్న పెద్ద మోడళ్లు కొన్నవాళ్లు తాము గీసిన లోతు గీతల్ని గార్మిన్ వాళ్ల యాక్టివ్ కెప్టెన్ యాప్ ద్వారా క్విక్‌డ్రా కమ్యూనిటీలో ఉచితంగా పెట్టొచ్చు, ఇంకొకరు దించుకోవచ్చు. మా చిన్న మోడల్‌లో వైఫై లేదు, అందుకని భవానీ ద్వీపం నుంచి ఫెర్రీ దాకా మేం గీసింది మా పడవలోనే ఉండిపోయింది. విజయవాడలో, తాడేపల్లిలో, అమరావతి వైపు 7 లేదా 9 అంగుళాల మోడల్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. బ్యారేజీ మట్టం 12 దగ్గర నిలిచిన ఒక ఆదివారం చూసుకుని వైకుంఠపురం నుంచి మొదలుపెడదాం, పడవ, డీజిల్ మావి.